మీ ఊరి చరిత్రను దేశ చరిత్రతో కలిపి రాయడం ఎలా: ఉత్తర తెలంగాణ పల్లెల కోసం ఒక సమగ్ర మార్గదర్శి

1947 ఆగస్టు 15న ఢిల్లీలో జెండా ఎగిరిన నాడు వరంగల్ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఇంకా నిజాం ఏలుబడిలోనే ఉన్నాయి. ఆ తరువాత పద్దెనిమిది రోజులకు, సెప్టెంబరు 2న, జాతీయ జెండా ఎగరేయడానికి పల్లెల నుంచి పరకాలకు కదిలివచ్చిన జనం మీద కాల్పులు జరిగాయి. ఈ నేల భారతదేశంలో భాగమైంది 1948 సెప్టెంబరులో, అంటే పదమూడు నెలలు ఆలస్యంగా. అయినా మన ఊళ్ల గురించి అచ్చవుతున్న చిన్న పుస్తకాల్లో, బడి వార్షికోత్సవ సంచికల్లో "1947లో మన ఊరికి స్వాతంత్ర్యం వచ్చింది" అనే వాక్యం నేటికీ కనిపిస్తూనే ఉంది. పాఠ్యపుస్తకంలో చదివిన దేశ చరిత్రను మొదటి సగంలో పెట్టి, ఊరి గుడి, ఊరి చెరువు, ఊరి ప్రముఖుల వివరాలను రెండో సగంలో అతికించడం వల్ల ఇలాంటి పొరపాట్లు జరుగుతాయి. రెండు సగాల నడుమ వంతెన ఉండదు. ఆ వంతెనను ఎలా వెతకాలి, ఎలా రుజువు చేయాలి అన్నదే ఈ వ్యాసం విషయం.

నేను వర్ధన్నపేట వైపు ఒక ఊరి చరిత్రను నాలుగేళ్లపాటు సేకరించాను. కింద చెప్పిన పద్ధతిలో చాలా భాగం ఆ పనిలో నేర్చుకున్నది, కొంత భాగం ఆ పనిలో తప్పు చేసి దిద్దుకున్నది.

మొదటి అడుగు: ప్రశ్నను చిన్నది చేసుకోండి

"మా ఊరి సంపూర్ణ చరిత్ర" అని నోటుబుక్కు మీద రాసుకున్నవారు సాధారణంగా కాకతీయుల దగ్గర మొదలుపెట్టి కాకతీయుల దగ్గరే ఆగిపోతారు. అందుకు బదులు ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి. ఆజంజాహి మిల్లులో పనికి మా ఊరి నుంచి మొదట పోయిన ఇళ్లు ఏవి? మా చెరువు కింది పొలాలకు కాకతీయ కాలువ నీళ్లు ఏ యేడు పారాయి? లేవీ ధాన్యం, అంటే సర్కారు రైతుల దగ్గర నిర్బంధంగా కొన్న ధాన్యం, కొలిచిన చోటు ఎక్కడ? ఇవి చిన్న ప్రశ్నలుగా కనిపిస్తాయి గాని, ప్రతిదాని వెనుకా పెద్ద కథ ఉంది. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు మన పల్లెల పత్తిని, పల్లె మనుషులను ఒకేసారి పరిశ్రమలోకి లాగింది. కాకతీయ కాలువకు మూలమైన శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేశారు కాబట్టి, కాలువ గురించి అడగడమంటే స్వతంత్ర భారతం భారీ ప్రాజెక్టుల మీద పెట్టుకున్న నమ్మకం మీ ఊరి మడి దాకా ఎన్నేళ్లకు చేరిందో అడగడమే. ఇక లేవీ ధాన్యం రెండో ప్రపంచ యుద్ధపు కరువు కాలానికి తీసుకుపోతుంది.

ప్రశ్న ఎంత చిన్నదైతే జవాబు అంత గట్టిగా నిలబడుతుంది. మిగతా చరిత్ర ఆ జవాబు చుట్టూ తనంతట తానే చేరుతుంది.

రెండో అడుగు: అప్పట్లో మీ ఊరు ఎవరి కింద ఉండేదో తేల్చుకోండి

దీన్ని చాలామంది వదిలేస్తారు. తరువాత నెలల కొద్దీ తిరుగుతారు. నిజాం రాజ్యంలో అన్ని ఊళ్లు ఒకే తీరుగా లేవు. కొన్ని నేరుగా సర్కారుకు శిస్తు కట్టే దివానీ గ్రామాలు, కొన్ని జాగీర్లు, కొన్ని నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్‌ఖాస్ గ్రామాలు. జాగీరు ఊరి లెక్కలు జాగీర్దారు కచేరీలో ఉండేవి గనుక దివానీ ఊరికి దొరికే కాగితాలు జాగీరు ఊరికి దొరకకపోవచ్చు. 1949లో జాగీర్లు రద్దయిన నాటికి మీ ఊరు ఏ కోవలో ఉందో తెలిస్తే, ఆ రద్దు మీ ఊళ్లో పండుగో లేక మామూలు రోజో కూడా తెలుస్తుంది.

జిల్లాల సంగతి ఇంకా చిక్కు. పరకాల 1947లో కరీంనగర్ జిల్లా తాలూకా. జనగామ నల్లగొండ జిల్లాలో ఉండేది. అందుకే కడవెండి, పాలకుర్తి ఘటనలు (వీటి సంగతి ఆరో అడుగులో వస్తుంది) పాత రికార్డుల్లో నల్లగొండ పేరు కింద కనిపిస్తాయి. కరీంనగర్ 1905 దాకా ఎలగందుల జిల్లా. ఖమ్మం 1953 దాకా వరంగల్ జిల్లాలోనే ఉంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2016 అక్టోబరు 11న వరంగల్ జిల్లా ముక్కలయింది, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా పేరు మారాయి. ఇవాళ్టి జిల్లా పేరుతో పాత దస్త్రం అడిగితే, ఉన్న దస్త్రమే లేదన్న జవాబు వస్తుంది. కాబట్టి నోటుబుక్కు మొదటి పేజీలోనే మీ ఊరు ఏ కాలంలో ఏ తాలూకా, ఏ జిల్లా కింద ఉందో ఒక పట్టిక గీసుకుని, ఎక్కడికి పోయినా వెంట తీసుకుపోండి.

మూడో అడుగు: ఊరంతా ఒకసారి నడవండి

పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడే వేళ నడవండి. అరిగిపోయిన శాసనాక్షరాలు మిట్టమధ్యాహ్నం కనిపించవు. పొద్దున ఏడింటికో సాయంత్రం ఐదింటికో పక్క నుంచి పడే వెలుగులో ప్రతి గీతకూ నీడ తేలి, చదవడానికి వీలవుతుంది. అప్పుడు ఫొటో తీయండి. రాయి మీద సుద్దముక్క రుద్దడం, నూనె పూయడం, ఇనుప బ్రష్షుతో గీకడం చేయకండి. ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన అక్షరం ఒక్క గీకుడుతో పోతుంది. వరంగల్, కరీంనగర్ జిల్లాల శాసనాలు చాలావరకు ప్రభుత్వ సంపుటాలుగా అచ్చయ్యాయి. మీ ఊరి పేరు అందులో ఉందేమో ముందు చూసుకోండి.

బొడ్రాయి, చావడి, గడీ, పాత మంచినీళ్ల బావి, కట్ట మీది మైసమ్మ, అమరుల స్తూపం, బడి గోడ మీది శిలాఫలకం, వీటన్నిటి దగ్గరా ఆగండి. గడీ గోడలు మాత్రమే మిగిలినా, వాటిలో ఏ వైపు గవిని (పెద్ద వాకిలి) ఉంది, వెట్టికి వచ్చినవారు ఎటునుంచి లోపలికి పోయేవారు అని అడిగితే మనుషులు మాట్లాడటం మొదలుపెడతారు. స్తూపం మీద పేర్లు, తేదీలు ఉంటే ఉన్నవి ఉన్నట్టుగా, అక్షరదోషాలతో సహా రాసుకోండి. స్తూపం మీది తేదీ చనిపోయిన తేదీయా, స్తూపం కట్టిన తేదీయా అన్న సందేహాన్ని పక్కన రాసి పెట్టుకోండి.

నాలుగో అడుగు: పెద్దవారిని అడగండి, ఇప్పుడే అడగండి

1948ని కళ్లారా చూసి గుర్తుపెట్టుకున్నవారు ఇవాళ ఎనభై ఐదు దాటినవారే. ఏ పని వాయిదా వేసినా దీన్ని మాత్రం వేయకండి. దస్త్రాలు వచ్చే ఏడు కూడా కచేరీలో ఉంటాయి.

ఫోనులోనే రికార్డు చేయవచ్చు. అయితే ముందు అనుమతి అడగండి, తరువాత అదే రోజు మరోచోట నకలు పెట్టుకోండి. పరికరాల గురించి ఇంతకన్నా చెప్పనక్కరలేదు. అడిగే తీరు గురించి మాత్రం చాలా చెప్పాలి.

"పోలీసు చర్య (1948లో భారత సైన్యం రాక) గురించి చెప్పండి" అని అడిగితే టీవీలో విన్నదో, మీటింగులో విన్నదో చెబుతారు. ఏడాది అడిగితే ఎవరూ చెప్పలేరు, చెప్పినా అది మనం ఇచ్చిన ఏడాదే అయి ఉంటుంది. పల్లెలో కాలాన్ని కొలిచేది పంటలతో, పండుగలతో, పెండ్లిళ్లతో, పుట్టుకలతో. గత్తర (కలరా) వచ్చిన యేడు, చెరువు తెగిన యేడు, రజాకార్ల దినాలు, పెద్ద బిడ్డ కడుపులో ఉన్నప్పుడు, ఇవే తేదీలు. మేము అడిగిన ఒక అవ్వతో మాట ఇలా సాగింది:

"మిల్ట్రీ వచ్చిన్నాడు మీరు ఏం పని మీద ఉన్నరు అవ్వా?"

"మక్క కంకులు ఇరుస్తున్నం బిడ్డా."

"అప్పటికి బతుకమ్మ అయిందా?"

"యాడ అయింది? చవితి అయింది. బతుకమ్మ ఇంక రాలే. ఆ యేడు బతుకమ్మ సప్పుడు చెయ్యకుండ ఆడినం."

ఆ యేడు వినాయక చవితి సెప్టెంబరు మొదటి వారంలో, ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబరు మొదట్లో పడ్డాయి. భారత సైన్యం సెప్టెంబరు 13న కదిలి 17కల్లా పని ముగించింది. అవ్వ ఒక్క తేదీ కూడా చెప్పలేదు గాని, ఆమె చెప్పిన మక్క కంకులు, చవితి, బతుకమ్మ కలిసి సెప్టెంబరు నెలను దాదాపు కచ్చితంగా చూపించాయి. పైగా "సప్పుడు చెయ్యకుండ ఆడినం" అన్న మాట ఏ దస్త్రంలోనూ దొరకదు. సైన్యం వచ్చి రెండు వారాలైనా ఊళ్లో భయం పోలేదన్నది ఆ ఒక్క మాటలో ఉంది.

అక్కడితో ఆగకండి. మన ప్రాంతంలో "మిల్ట్రీ" రెండుసార్లు వచ్చింది. మొదటిది 1948 సెప్టెంబరులో నిజాం సైన్యాన్ని, రజాకార్లను లొంగదీయడానికి. రెండోది ఆ తరువాత, కమ్యూనిస్టు దళాల కోసం పల్లెల్లో క్యాంపులు వేసి. సాయుధ పోరాటం 1951 అక్టోబరులో విరమించేదాకా ఈ రెండో రాక సాగింది. జ్ఞాపకంలో రెండూ కలిసిపోతాయి. "ఎన్ని రోజులు ఉన్నరు? ఎక్కడ వంట చేసుకున్నరు? ఎవరిని పట్టుకపోయిండ్రు?" అని అడిగితే విడిపోతాయి. దాటిపోయిన సైన్యానికి వంట స్థలం ఎవరికీ గుర్తుండదు, క్యాంపు వేసినవారిది ఊరంతటికీ గుర్తుంటుంది.

ప్రతి వాడకూ పోండి. గడీకి దగ్గరి ఇళ్లలో చెప్పే చరిత్ర వేరు, వెట్టి చేసిన ఇళ్లలో చెప్పే చరిత్ర వేరు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, మాల ఇళ్లలో ఎవరి వంతు వెట్టి ఏమిటో విడివిడిగా అడగండి, ఎందుకంటే వెట్టి అనేది ఒక్క మాటైనా ఒక్క పని కాదు. ఆడవారిని మగవారి ముందు అడిగితే సగం మాటలు గొంతులోనే ఉండిపోతాయి. వీలైతే ఊరి ఆడపిల్లనో, అంగన్‌వాడీ టీచర్‌నో వెంట తీసుకుపోయి విడిగా కూర్చోండి. ముస్లిం కుటుంబాలను తప్పక అడగండి. రజాకార్లు, ముస్లింలు ఒకటేనన్నట్టు రాయడం చరిత్రకూ న్యాయానికీ విరుద్ధం. భారతదేశంలో విలీనం కావాలని రాసినందుకు 1948 ఆగస్టు 22న హైదరాబాద్‌లో హత్యకు గురైన 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ మన మానుకోట (మహబూబాబాద్) ప్రాంతంలో పుట్టినవాడే.

ఐదో అడుగు: కాగితాలు, ఫసలీ లెక్క

ఊరి కాగితాల్లో ముందుగా చూడవలసింది ఖాస్రా పహాణీ. 1954-55లో తయారైన ఈ దస్త్రంలో ప్రతి సర్వే నంబరుకూ పట్టాదారు ఎవరు, నిజంగా దున్నుతున్నది ఎవరు అన్నది వేర్వేరు గడుల్లో ఉంటుంది. ఈ రెండు పేర్లూ వేరుగా ఉన్న నంబర్లను ఎర్ర పెన్నుతో గుర్తించండి. సాయుధ పోరాటం, 1950 కౌలుదారీ చట్టం మీ ఊళ్లో భూమిని ఎంతవరకు కదిలించాయో, ఎక్కడ కదిలించలేకపోయాయో ఆ ఎర్ర గుర్తులే చెబుతాయి. అంతకు ముందటి స్థితికి సేత్వార్, అంటే నిజాం కాలపు సర్వే భూమి దస్త్రం, చూడాలి. ఇవి తహసీలు కార్యాలయం నుంచి నకలుగా తీసుకోవచ్చు. దరఖాస్తుకు కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. పటేల్ పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయినప్పుడు కొన్ని లెక్కలు ఇళ్లలోనే మిగిలిపోయాయి; పట్వారీల వారసులను మర్యాదగా అడిగితే అటకమీది పెట్టె దిగవచ్చు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దస్త్రాలు ఉన్నాయి. బడి ప్రవేశ రిజిస్టరును కూడా వదలకండి. ఏ కులపు పిల్లలు, ఏ యేడు మొదటిసారి బడిలో చేరారో, మొదటి ఆడపిల్ల ఎప్పుడు చేరిందో అక్కడ తప్ప ఇంకెక్కడా ఉండదు.

పాత కాగితాలు ఉర్దూలో ఉంటాయి. తప్పుగా చదవడం కంటే చదవలేనని ఒప్పుకుని, చదివేవారిని వెతకడం మేలు. పాత కచేరీల్లో పనిచేసిన పెద్దలు, దర్గా దగ్గరి మౌల్వీలు, ఉర్దూ మీడియం బడి టీచర్లు సాయం చేస్తారు. అంకెలు మాత్రం మీరే నేర్చుకోండి, ఒక పూట చాలు. ఒక్క జాగ్రత్త: ఉర్దూ ఏడు, ఎనిమిది ఒకదానికొకటి తలకిందులుగా ఉంటాయి. కాగితాన్ని తిరగేసి పట్టుకుంటే ఏడు ఎనిమిదవుతుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు. నిజాం కాలపు కాగితాల మీద ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం, ఉంటుంది. దానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుందని అందరూ చెబుతారు, నేనూ అదే చేశాను. ఊరి మీద పడిన ఒక దాడి గురించి పోలీసు పటేల్ పంపిన అర్జీ నకలు ఒక ఇంట్లో దొరికింది. మెహర్ నెల, 1357 ఫసలీ అని ఉంది. 590 కలిపి 1947 అని రాసుకున్నాను. మెహర్ ఆగస్టు నెలకు దగ్గరిది కాబట్టి "1947 ఆగస్టులో, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నెలలోనే మా ఊరిపై దాడి" అని రాసి, ఊళ్లో చదివి వినిపించాను కూడా. ఒక పెద్దాయన లేచి, "పంతులుగారూ, ఆ దాడి అయిన నెల దాటకముందే మిల్ట్రీ వచ్చింది కదా, యేడాది ఎట్ల అయితది?" అన్నారు. ఇంటికి వచ్చి మళ్లీ లెక్క వేస్తే తప్పు నాదే.

హైదరాబాద్ ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజూర్ నెలతో మొదలవుతుంది. ఆ తరువాత దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఉర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. కాబట్టి ఆజూర్, దై, బహ్మన్ నెలలకు 590 కలపాలి. ఇస్ఫందార్ నుంచి ఆబాన్ దాకా, అంటే సుమారు జనవరి నుంచి సెప్టెంబరు దాకా, 591 కలపాలి. డిసెంబరు చివర, జనవరి మొదట పడే తేదీలు అటూ ఇటూ అవుతాయి గనుక వాటిని ప్రత్యేకంగా చూసుకోవాలి. ఈ లెక్కను పరీక్షించుకోవడానికి మంచి ఉదాహరణ ఒకటుంది: జాగీర్ల రద్దు శాసనం పేరులో 1358 ఫసలీ అని ఉంటుంది, అది వెలువడింది 1949 ఆగస్టు 15న. 590 మాత్రమే కలిపి ఉంటే 1948 వచ్చేది.

అలా సరిచేస్తే నా కాగితం 1948 ఆగస్టుకు చేరింది. బైరాన్‌పల్లి మీద ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు పడి ఊరివారిని చంపిన నెల అదే. ఒక్క ఏడాది తేడాతో మా ఊరి దాడి అర్థమే మారిపోయింది. స్వాతంత్ర్య సంబరానికి ప్రతీకారంగా నేను రాసినది, నిజానికి కూలిపోబోతున్న రాజ్యం చివరి నెలల్లో పల్లెల మీద విప్పిన హింసలో భాగం. నా తప్పును పట్టింది దస్త్రం కాదు, పెద్దాయన జ్ఞాపకం. అందుకే కాగితాన్నీ మాటనూ ఒకదానితో ఒకటి తప్పక సరిచూడాలని చెబుతున్నాను.

ఆరో అడుగు: ఆ సంగతి ఏ దారిన వచ్చిందో చూపించండి

ఈ పని అంతటికీ ప్రాణం ఇదే. దేశంలో ఒకటి జరిగింది, అదే కాలంలో ఊళ్లో ఒకటి జరిగింది అన్నంత మాత్రాన రెండింటికీ సంబంధం ఉన్నట్టు కాదు. ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో జరిగింది మీ ఊరి చావడి దాకా ఏ దారిన, ఎవరి చేతుల మీదుగా, ఎన్ని రోజులకు వచ్చిందో చూపగలిగితేనే సంబంధం. చూపలేకపోతే ఆ వాక్యం రాయకండి.

దారుల్లో అందరికీ కనిపించేది రైలు. నిజాం రైల్వే 1886లో వరంగల్ చేరింది, 1889లో బెజవాడతో కలిసింది, 1929లో కాజీపేట నుంచి బల్లార్షా దాకా పూర్తయి ఢిల్లీ మద్రాసు మార్గం మన నేల మీదుగా పడింది. కాజీపేట జంక్షన్‌కు నడిచిపోగలిగిన ఊళ్లకు పత్రికలు, ఉద్యోగాలు, వార్తలు, యూనియన్లు ముందే వచ్చాయి. ఏటూరునాగారం వైపు అడవి ఊళ్లకు అవే ఎన్నో ఏళ్లు ఆలస్యంగా చేరాయి. మీ ఊరికి దగ్గరి స్టేషన్ ఏది, అక్కడికి బండి మీద ఎంతసేపు అన్నది తప్పక రాయండి.

శిస్తు, చట్టం మరో దారి. దీన్ని దగ్గరగా చూడాలంటే లేవీ ధాన్యం ఉదాహరణ తీసుకోండి. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ధరలు పెరిగి, తిండిగింజలకు కొరత వచ్చినప్పుడు నిజాం ప్రభుత్వం రైతుల దగ్గర నిర్బంధంగా ధాన్యం కొన్నది. సర్కారు లెక్క పట్వారీ చేతిలో, పట్వారీ దొర చేతిలో ఉన్న ఊళ్లలో పెద్ద పట్టాదారు ధాన్యం పాతరలో దాగింది, చిన్న రైతు గరిసెలోది తూకానికి పోయింది. అంటే యూరప్‌లో మొదలైన యుద్ధం మన ఊరి చిన్న రైతు కల్లం దాకా ఒక తక్కెడగా వచ్చింది. సంఘం, అంటే ఆంధ్ర మహాసభ, ఈ లేవీ మీద, వెట్టి మీద, బేదఖలీల (రైతులను భూమి నుంచి వెళ్లగొట్టడం) మీద మాట్లాడినందుకే పల్లె జనం దాన్ని తమదిగా చేసుకున్నారు. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన నాటికి ఈ కోపం చాలా ఊళ్లలో పేరుకుపోయి ఉంది. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ తన పంటను కాపాడుకోవడానికి నిలబడిన పోరాటం కూడా ఇదే నేల మీద జరిగింది. మీ ఊళ్లో లేవీ కొలిచింది ఎవరు, ఏ కొలతతో, ఎవరి కల్లంలో, ఎవరు ఇవ్వనన్నారు అని అడగండి. జవాబు దొరికితే మీకు ప్రపంచ యుద్ధం నుంచి సాయుధ పోరాటం దాకా తెగని ఒక దారి దొరికినట్టే.

పోయి వచ్చిన మనుషులు మూడో దారి. 1938లో ఉస్మానియాలో వందేమాతరం పాడినందుకు చదువు తెగిన విద్యార్థుల్లో కొందరు నాగపూర్ పోయి చదివారు. వంగరకు చెందిన పి.వి. నరసింహారావు వారిలో ఒకరు. 1947-48లో కొందరు సరిహద్దు దాటి చాందా (నేటి చంద్రపూర్) వైపు, బెజవాడ వైపు పోయి క్యాంపుల్లో ఉన్నారు. 1952లో ఉపాధ్యాయుల నియామకాల మీద హనుమకొండ విద్యార్థులు మొదలుపెట్టిన ముల్కీ (స్థానికులకే ఉద్యోగాలు) ఆందోళన సెప్టెంబరుకల్లా హైదరాబాద్‌లో కాల్పుల దాకా పోయింది. ఈ విషయంలో వార్త మన దగ్గరి నుంచే రాజధానికి పోయింది, అటునుంచి ఇటు రాలేదు. మీ ఊరి నుంచి చదువుకో, పనికో, జైలుకో, గల్ఫ్‌కో పోయి వచ్చినవారి జాబితా వేయండి. ప్రతి పేరూ ఒక దారి.

బజారు నాలుగోది, దీన్ని మన ఊరి చరిత్రకారులు దాదాపు ముట్టరు. 1991లో ఆర్థిక సంస్కరణలు మొదలుపెట్టిన ప్రధాని మన పక్క ఊరివారే. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి చేలను పురుగు తినేసినప్పుడు, మందులు, విత్తనాలు అప్పుకు ఇచ్చిన దుకాణాల బాకీ మోయలేక ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2002లో బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చింది. ఈ మూడు తేదీలను ఒక వరుసలో పెట్టి కారణాలు తేల్చేయడం సులువు, ఆ పని చేయకండి. మీ ఊళ్లో ఏ యేడు ఎన్ని ఎకరాలు పత్తికి మారాయి, అప్పు ఎవరి దగ్గర తెచ్చారు, ఎనుమాముల మార్కెట్‌లో క్వింటాలుకు ఎంత పలికింది అన్నవి ఇంట్లో దాచిన తక్‌పట్టీల (పంట అమ్మినప్పుడు ఇచ్చే చీటీల) నుంచి, దుకాణం రసీదుల నుంచి రాయండి. రేకు పెట్టెలో మడతపెట్టి ఉన్న ఆ తక్‌పట్టీ కూడా చారిత్రక పత్రమే. ఆ ఇంటివారు అది చూపడానికి ఎంత గుండె నిబ్బరం చేసుకున్నారో గుర్తుంచుకుని, ఫొటో తీసుకుని, వారి చేతికే తిరిగి ఇవ్వండి.

ఏడో అడుగు: పొసగని మాటలు, నొప్పించే సంగతులు

ఒకే ఘటనలో ఎంతమంది చనిపోయారన్న దాని మీద లెక్కలు తేడా వస్తాయి. పెద్ద సంఖ్యను ఎంచుకుంటే ఊరి గౌరవం పెరుగుతుందని అనుకోకండి. ఒక్కొక్క పేరూ రాసి, ఆ పేరును ఎవరు చెప్పారో రాసి, ఎన్ని పేర్లు దొరికితే అంతే లెక్క వేయండి. మిగతా లెక్కలను "ఫలానావారు ఇంత అంటారు" అని పక్కన పెట్టండి.

సెప్టెంబరు 17ను కొందరు విమోచనం అంటారు, కొందరు విలీనం అంటారు, కొందరు విద్రోహం అంటారు. మీ అభిప్రాయం మీకు ఉండవచ్చు గాని, ఊరి చరిత్రలో మీ ఊరి పెద్దలు ఆ దినాన్ని ఏమని పిలిచారో ఆ మాటనే రాయండి. మా ఊళ్లో పదిహేను మందిని అడిగితే పదకొండు మంది "మిల్ట్రీ వచ్చిన దినం" అన్నారు. రాజకీయం లేని ఆ పేరులోనే ఊరి అనుభవం ఉంది.

చంపినవారి వారసులు, చనిపోయినవారి వారసులు ఒకే వాడలో ఉండే ఊళ్లు ఉన్నాయి. దళాల చేతిలో చనిపోయినవారు, పోలీసుల చేతిలో చనిపోయినవారు, రెండువైపులా ఉంటారు. నింద మోపే పేర్లు రాసే ముందు ఇద్దరు వేర్వేరు సాక్షులైనా ఉండాలి, బతికున్నవారి గురించి అయితే వారి మాట కూడా ఉండాలి. అది దొరకకపోతే ఘటన రాసి పేరు వదిలేయండి. వద్దని చెప్పినవారి గొంతును పుస్తకంలో పెట్టకండి, ఎంత విలువైనదైనా సరే.

ఎనిమిదో అడుగు: రాయండి, చదివి వినిపించండి, దిద్దండి

రాసేటప్పుడు రెండు వరుసల పట్టికతో మొదలుపెట్టండి. ఎడమ వరుసలో దేశానికో రాష్ట్రానికో సంబంధించిన తేదీ, కుడి వరుసలో అది మీ ఊరికి చేరిన తేదీ. నడుమ ఉన్న వ్యవధే మీ అధ్యాయం. 1947 ఆగస్టు 15కు ఎదురుగా మీ ఊరి గడిలో ఏమి రాస్తారు? 1956 నవంబరు 1కి ఎదురుగా? 1969కి? 2014 జూన్ 2కి? కొన్ని గడులు ఖాళీగా ఉంటాయి. వాటిని నింపడానికి కల్పించకండి. దేశంలో పెద్ద అలజడి రేగిన సంవత్సరం మీ ఊళ్లో చెరువు గండి పూడ్చుకోవడమే అందరికీ గుర్తున్నదైతే, అదే రాయండి.

మాట చెప్పినవారి భాషను మార్చకండి. పుస్తకపు భాషలో మీ వివరణ ఉండవచ్చు గాని, అవ్వ మాట అవ్వ మాటగానే ఉండాలి. ఏ సంగతి ఎవరి నోట విన్నది, ఏది ఏ కాగితంలో చూసినది అన్నది వాక్యంలోనే తెలిసేలా రాయండి.

అచ్చు వేసే ముందు ఊళ్లో చదవండి. బడిలో ఒకసారి, చావడి దగ్గర ఒకసారి, వాడల్లో విడివిడిగా ఒకసారి చదవండి, ఎందుకంటే చావడి దగ్గరికి రానివారు, వచ్చినా నోరు విప్పనివారు ఇంకా ఉన్నారు. చదివేటప్పుడు పక్కన ఒకరు కూర్చుని అభ్యంతరాలన్నీ రాసుకోవాలి. మా ఊరి మొదటి చదువులో ముప్పైకి పైగా దిద్దుబాట్లు వచ్చాయి. ఫసలీ తప్పు వాటిలో పెద్దది. రెండో చదువులో ఇంకో తొమ్మిది వచ్చాయి, వాటిలో ఒకటి స్తూపం మీది పేరు: చెక్కినవారు ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు చెక్కితే, డెబ్బై ఏళ్లుగా ఆ ఇంటివారు ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నారట. పుస్తకంలో సరైన పేరు వేశాం. తరువాత ఊరివారే చందా వేసుకుని రాయిని దిద్దించారు.